సెలవుల తర్వాత ఇంగ్లీష్ క్లాసు: ఆ మెసేజ్ నమ్మి గ్రామర్ పుస్తకం తీయకండి

బడులు తెరిచే ముందు ప్రతిసారీ ఒక మెసేజ్ తిరుగుతుంది. సెలవుల్లో హైస్కూల్ పిల్లలు ఇంగ్లీష్ అంతా మర్చిపోతారట. అందుకని మొదటి వారం కథలు చదివించడం, "సెలవులు ఎలా గడిపాను" లాంటి వ్యాసాలు రాయించడం టైం వేస్టట. గ్రామర్ మొదటి నుంచి చెప్పి, టెస్ట్ పెట్టి, ప్రతి తప్పునూ ఎర్ర పెన్నుతో దిద్దాలట. ఇంగ్లీష్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఊరుకోలేకపోయాను.

"అంతా మర్చిపోతారు." అంత లేదు. అమెరికాలో వేసవి సెలవుల మీద అప్పటివరకూ జరిగిన అధ్యయనాలను హారిస్ కూపర్ బృందం 1996లో కలిపి చూసింది. సగటున పోయింది దాదాపు ఒక నెల చదువు. అదీ లెక్కల్లో, స్పెల్లింగులో ఎక్కువ. చదవడంలో మధ్యతరగతి పిల్లలు కాస్త ముందుకే వెళ్లారు, పేద ఇళ్ల పిల్లలు వెనకబడ్డారు. మరి ఆ వెనకబడిన పిల్లకు బడి తెరవగానే కావలసింది చేతిలో ఒక పుస్తకం. ఈ మెసేజ్ ముందుగా లాక్కునేది దాన్నే!

"గ్రామర్ మొదటి నుంచి చెప్పాలి." అసలు గొడవంతా ఇక్కడే. 4 నుంచి 12వ తరగతి వరకూ పిల్లల రాతను ఏది మెరుగుపరుస్తుందో స్టీవ్ గ్రేహమ్, డొలోరెస్ పెరిన్ అనే పరిశోధకులు 2007లో లెక్క తేల్చారు. విడిగా నేర్పిన గ్రామర్ వల్ల రాత బాగుపడలేదు, ఫలితం కొంచెం కిందికే పోయింది. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించడం మాత్రం పనిచేసింది. "ఇట్ వాజ్ రెయినింగ్. ద బస్ డిడ్ నాట్ కమ్. వి వాక్డ్." ఈ మూడూ బోర్డు మీద రాసి ఒక్క వాక్యం చేయమనండి. ఒకరు "బికాజ్" తెస్తారు, ఇంకొకరు "సో", వెనక బెంచీలోంచి "ఆల్దో" వస్తుంది. అది ఇక్కడ ఎందుకు అతకదో మాట్లాడుకుంటే ఆ పూట గ్రామర్ పాఠం అయిపోయినట్టే. ఇంగ్లీష్ ఇంటి భాష కాని పిల్లలకు నియమాలు ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి, ఒప్పుకుంటాను. అయినా వాళ్లు రాసిన వాక్యం ముందు పెట్టుకునే చెప్పొచ్చు.

"టెస్ట్ పెట్టాలి." ఇందులో సగం నిజముంది. చదివినదాన్నే మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. దానికి మార్కులు, టెన్షన్ దేనికి? కథ రెండు పేజీలు చదివించి, పుస్తకం మూయించి, ఏం జరిగిందో నాలుగు లైన్లు రాయమంటే చాలు.

ఎర్ర పెన్ను సంగతి: కాగితమంతా ఎర్రబడితే పిల్లాడు చూసేది మార్కు ఒక్కటే. వారానికి ఒక రకం తప్పే దిద్దండి: ఈ వారం క్రియల కాలాలు, వచ్చే వారం ఇంకోటి.

ఇక వ్యాసం. "సెలవులు ఎలా గడిపాను" అన్న టాపిక్ చెత్తదే, ఆ మాట వరకూ మెసేజ్ రాసినవారితో నాకు పేచీ లేదు. క్లాసంతా "వి ఎంజాయ్డ్ ఎ లాట్" అనే రాస్తారు. సెలవులన్నీ వద్దు, ఒక్క గంట అడగండి. బాగా విసుగు పుట్టిన గంట ఏది, అప్పుడు గదిలో ఏం చప్పుళ్లు వినిపించాయి? దీనికి ఒకరి జవాబు ఇంకొకరు కాపీ కొట్టలేరు.