‘పౌరుడు’ అని కాదు, ‘వ్యక్తి’ అని రాశారు

చెన్నై బీచ్ స్టేషన్ బయట బర్మా బజారులో సాయంత్రమైతే అతో (బర్మా నూడుల్స్) బళ్ళ దగ్గర నిలబడ్డానికి చోటుండదు. నూడుల్స్‌లో క్యాబేజీ, చింతపండు రసం, వేయించిన ఉల్లిపాయ, కారం వేసి చేత్తోనే కలిపి పెడతారు. పక్కన అరటిదవ్వ సూపు. (గరిటెతో కలిపితే ఆ రుచి రాదు, నేను ఇంట్లో చేసి చూశాను.) ఈ తిండి మన ఊరు రావడానికి కారణం ఒక సైనిక ప్రభుత్వం.

1962 మార్చిలో సైన్యాధిపతి నె విన్ బర్మాలో అధికారం లాక్కుని 1947 నాటి రాజ్యాంగాన్ని పక్కన పడేశాడు. సుప్రీంకోర్టునూ ఎత్తేశాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు ఓడలెక్కి వచ్చేశారు. అందులో తమిళులే కాదు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ‘రంగం’ (రంగూన్) పోయి బతికిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మొర పెట్టుకుందామంటే అక్కడ ఆ సుప్రీంకోర్టే లేదు.

మన రాజ్యాంగం 19వ అధికరణలో ‘పౌరులు’ అంటుంది. సమానత్వం గురించిన 14లో, ప్రాణం, స్వేచ్ఛల గురించిన 21లో మాత్రం ‘వ్యక్తి’ అంటుంది. పొరపాటున పడిన మాట కాదది. 1996లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణు కోరి వచ్చిన చక్మాల ప్రాణాలు కాపాడమని అరుణాచల్ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది ఆ మాట పట్టుకునే. 2021 ఏప్రిల్‌లో మయన్మార్ (నాటి బర్మా) నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల కేసులోనూ అదే కోర్టు ఆ హక్కులు అందరివీ అని ఒప్పుకుంది. కానీ దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు పౌరులదేనంది, పద్ధతి ప్రకారం పంపవచ్చంది, మరో దేశంలో జరిగేదానిపై తాము వ్యాఖ్యానించలేమంది. మయన్మార్‌లో సైన్యం మళ్ళీ గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలే.

దేశ భద్రత భయం ఉత్తదే అనను. ఎవరొచ్చారో ఆరా తీయాల్సిందే. అయితే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఒక మనిషిని ఎవరి చేతికి అప్పగిస్తున్నామో అడగనక్కర్లేదా? అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించేలా కృషి చేయాలని 51వ అధికరణ రాజ్యానికే చెబుతోంది.

గల్ఫ్‌లో యజమాని పాస్‌పోర్టు లాక్కుంటే జగిత్యాల కుర్రాడి తరఫున మన ఎంబసీ వెళ్ళి అడుగుతుంది: మీ పౌరుడు కాకపోయినా మీ చట్టం ఇతణ్నీ కాపాడాలి కదా అని. అవతలి అధికారి ఆ 2021 ఉత్తర్వు తీసి బల్ల మీద పెడితే, మనవాళ్ళు ఏమని జవాబిస్తారు?