కెమెరా బాడీ సరే, లెన్స్ సంగతేంటి?

మొదటి డీఎస్ఎల్ఆర్‌ను (లెన్స్ మార్చుకోగల కెమెరాను) మెగాపిక్సెళ్లు చూసి ఎంచుకోమన్న మీ సలహా నాకు నచ్చలేదండి. 24 మెగాపిక్సెళ్లంటే ఫొటోలో అడ్డంగా దాదాపు 6000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున ప్రింట్ వేసినా 20 అంగుళాల వెడల్పు వస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఇంకేం కావాలి?

ఎక్కువ మెగాపిక్సెళ్లకు పోకుండా మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టడం మేలు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది) ధర తక్కువే, ఇంట్లో మసక వెలుతురులోనూ మొహాలు బాగా వస్తాయి. కాకపోతే కెనాన్ 1500డీ లాంటి చిన్న సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) ఉన్న బాడీల మీద అది 80 ఎంఎం లాగా, అంటే ఇంకా దగ్గరగా, ఇరుకుగా చూపిస్తుంది. చార్మినార్ ముందు నిలబడి తీస్తే మొత్తం ఫ్రేములో పట్టదు, అక్కడ కిట్‌తో వచ్చే 18-55 ఎంఎం లెన్సే (18 దగ్గర ఎక్కువ వెడల్పు పడుతుంది) దిక్కు.

హైదరాబాద్ కోఠిలోని కెమెరాల బజారు గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్‌కి తిరిగేవాళ్లు ఒకటి గమనించాలి. నికాన్ డీ3500, డీ5600 బాడీల్లో లెన్స్‌ను తిప్పి ఫోకస్ చేసే మోటార్ ఉండదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్స్ చవగ్గా దొరికిందని తీసుకుంటే రింగు తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవాల్సిందే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ (మోటార్ లెన్స్‌లోనే ఉందని గుర్తు) అని ఉందో లేదో చూడండి. షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క) కూడా అడగండి. "కొత్తదాని లెక్కే ఉంది సార్" అంటే అది జవాబు కాదు!