1920ల గౌనుకి మెషీన్ వాష్ లేబులు

ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక గౌను ఫోటో చూశానండి, కింద "1920ల నాటి అసలు సిసలు ఫ్లాపర్ డ్రెస్, ప్యూర్ సిల్క్" అని ఉంది (ఫ్లాపర్ అంటే ఆ రోజుల్లో డాన్సులకెళ్లే ఫ్యాషన్ అమ్మాయి లెండి), కళ్లకద్దుకుని జూమ్ చేద్దును కదా లోపల లేబుల్ మీద "100% పాలిస్టర్, మెషీన్ వాష్" అని ఉంది. పాలిస్టర్ బట్ట కనిపెట్టింది 1941లో. ఉతుకుడు లేబుల్ తప్పనిసరని అమెరికాలో రూల్ అమల్లోకొచ్చింది 1972లో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు గానీ ఇక్కడ సోమలింగం ముందే పుట్టేసి డాన్సులకి కూడా వెళ్లొచ్చాడు.

ఉండబట్టలేక అమ్మేవాణ్ణి అడిగా. వెనకాల నైలాన్ జిప్పు ఉందేంటి బాబూ, అప్పటికి నైలానే లేదుగా, హుక్కులో టిచ్ బటన్లో ఉండాలి, లేదా తలమీంచి తొడుక్కునేదై ఉండాలి అంటే "జిప్పు తర్వాత వేయించాం మేడమ్" అన్నాడు. మరి లేబులు? "అదీ తర్వాతే మేడమ్." అంచు దారాలు ఊడకుండా మెషీన్‌తో వేసిన ఓవర్‌లాక్ కుట్లు? "గట్టిదనం కోసం మేడమ్." బట్ట? కాసేపు టైపింగ్, టైపింగ్, టైపింగ్... "మీకు అసలు కొనే ఉద్దేశం ఉందా మేడమ్?" అన్నీ తర్వాత వేయించినవే అయితే ఇక 1920 నాటిది మిగిలిందేంటి, లోపలున్న గాలా?

సరే, నకిలీకి నవ్వుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది నిజమైనవి దొరికినవాళ్లతో. 1930ల గౌను, జెలటిన్ చమ్కీలు, అంటే నీళ్లు తగిలితే కరుగుతాయి, వేడి తగిలినా అంతే. దాని మీద స్టీమర్ పెట్టి "చూడండి ఫ్రెండ్స్ ముడతలు ఎలా పోతున్నాయో" అని వీడియో! పోయేది ముడతలు కాదు రా, చమ్కీలు! ఒక్కొక్కటీ ఎవరో కళ్లు పొడుచుకుని చేత్తో కుట్టినవి, తొంభై ఏళ్లు పురుగుల్నీ వానల్నీ తట్టుకున్నవి, నీ నిమిషం వీడియోకి జిగురు ముద్దయిపోయాయి. సిగ్గనిపించదా? పూసల గౌనుని తీగ హ్యాంగర్‌కి వేలాడదీసేవాళ్లు ఇంకో రకం, ఆ బరువుకి భుజాలు దిగజారి చిరుగుతుంటే "ఏజింగ్ బ్యూటీ" అట. బరువు రావడానికి తగరం లవణాలు పట్టించిన పాత సిల్కయితే మడతల దగ్గర తనంతట తనే చీలిపోద్ది, దాన్ని మెలిపెట్టి పిండుతారు. బల్లపరుపుగా పడుకోబెట్టి, మడతల్లో యాసిడ్ లేని టిష్యూ పేపరు పెట్టి, ప్లాస్టిక్ కవరు తీసేసి, ఎండ తగలని చోట పెట్టండ్రా బాబూ, ఇంతే కదా అది మిమ్మల్ని అడిగింది.

ఇది రాస్తుంటే ఆ అమ్మేవాడి నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, 1920 నచ్చకపోతే 1890 అని మారుస్తాం, తీసుకుంటారా?"