పద్నాలుగు లక్షల అరవై వేలు, రెండు ఇళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండా. నాన్నగారు అప్పుడే ఆడిటరు దగ్గరినుంచి వచ్చారు. చేతిలో 91,260 రూపాయల పన్ను లెక్క, ముఖంలో జేవురు. మనవరాలిని చూడటానికి వచ్చిన మా అత్తగారు ఎదురు కుర్చీలో ఉన్నారు. ఆవిడ రిటైరైన లెక్చరర్, నాన్నగారు రిటైరైన ఇంజినీరు. అమ్మ గోరుచిక్కుళ్లు తుంచుకుంటోంది. కాఫీలు అందించడం నా పని.

నాన్నగారు: చెల్లెమ్మా, మీకూ బావగారికీ కలిపి ఏడాదికి ఎంత వస్తుంది?

అత్తగారు: ఇద్దరివీ పింఛన్లేగా. తలా 7,30,000.

నాన్నగారు: అంటే 14,60,000. పన్ను ఎంత కట్టారు?

అత్తగారు: ఏమీ లేదు. ఆదాయపన్ను కొత్త విధానంలో పింఛనులోంచి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు. మిగిలింది 12 లక్షలు దాటకపోతే రిబేటు, అంటే పన్నంతా మాఫీ.

నాన్నగారు: మా ఇంటికి వచ్చేదీ సరిగ్గా అంతే. నా పింఛను 9,60,000, డిపాజిట్ వడ్డీ 5 లక్షలు. రిటైరైనప్పుడు వచ్చినదీ, నల్లపాడు దగ్గర స్థలం అమ్మినదీ కలిపి మీ వదినగారి పేర వేశాను. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఆ వడ్డీ ఆమెదిగా లెక్కగడితే ఇద్దరికీ పన్ను లేదు. ఆడిటరు దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఒకే ఊరు, ఒకే ఆదాయం, రెండిళ్లలోనూ ఇద్దరేసి మనుషులు. మీకు సున్నా, మాకు 91,260!

(ఈ లెక్క నేను రెండుసార్లు వేసి చూశాను. సెస్సుతో సహా సరిగ్గానే ఉంది.)

అత్తగారు: సొమ్ము మీది కాబట్టి, అన్నయ్యగారూ. భార్యకు ఊరికే ఇచ్చిన సొమ్ము మీద వచ్చే ఆదాయం ఇచ్చినవారి ఖాతాలోనే కలపాలని చట్టం. అది లేకపోతే కోటీశ్వరులంతా మార్చి నెలాఖరుకు దానకర్ణులైపోరూ?

నాన్నగారు: సరే, అప్పుడు మేమిద్దరం ఒకటే అనుకుందాం. మరి ఆమె వాడుకోని మినహాయింపు నాకివ్వండి అంటే, ఎవరికి వారే అంటారేం? పన్ను వేసేటప్పుడు కాపురం కలిపి, రాయితీ ఇచ్చేటప్పుడు విడగొడతారా? అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేసుకోవచ్చు.

అత్తగారు: కలిపి లెక్కవేసే ముచ్చట ఇంగ్లండులో చాలాకాలం సాగింది. 1990 ఏప్రిల్ దాకా భార్య ఆదాయాన్ని పన్ను లెక్కలో మామూలుగా భర్త ఆదాయంతోనే కలిపేవారు. ఆమె బ్యాంకులో నాలుగు పౌండ్లు దాచుకున్నా ఆ వడ్డీ సంగతి ఆయనకు తెలియాల్సిందే. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి తెచ్చుకున్న పింఛను నాది. దాన్ని ఆయన పింఛను మీద పేర్చి, పై శ్లాబులో పన్ను వేస్తామంటే నేనొప్పుకోను.

నాన్నగారు: శ్లాబులు రెట్టింపు చేసి, ఇష్టమైనవాళ్లే కలిసి వేసుకోండి అంటే మీకేమిటి నష్టం? అదే ఇంగ్లండులో 2015 నుంచి భార్య వాడుకోని మినహాయింపులో 1,260 పౌండ్లు భర్త పేరుకు మార్చుకోవచ్చు.

అత్తగారు: మార్చుకుంటే ఏడాదికి కలిసొచ్చేది 252 పౌండ్లు. పెద్ద ఆదాయాలవారికి అదీ లేదు. దంపతుల పేర అంతకంటే పెద్ద రాయితీ ఒకటుంది కానీ, ఇద్దరిలో ఒకరైనా 1935 ఏప్రిల్ 6కు ముందు పుట్టి ఉండాలి. జంట గొడవ అలా ఉంచండి, ఒంటరైనప్పటి సంగతి చూడండి. మీ పింఛనులోంచి 75,000 తీసేస్తున్నారా? రేపు వదినగారికి వచ్చే కుటుంబ పింఛనులోంచి మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అంతే. చట్టం దృష్టిలో అది పింఛనే కాదు, ‘ఇతర ఆదాయం’.

(నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారింది.)

నాన్నగారు: అది అన్యాయమే. వయసుకూ విలువ పోయింది. పాత విధానంలో అరవై దాటితే 3 లక్షలు, ఎనభై దాటితే 5 లక్షల దాకా పన్ను ఉండదు. వడ్డీలో 50,000, ఆరోగ్య బీమా ప్రీమియంలో 50,000 వరకూ తగ్గించుకోవచ్చు. కొత్తదానిలో అవేవీ లేవు. పాతికేళ్లవాడికీ నాకూ ఒకటే గీత, 4 లక్షలు.

అత్తగారు: ఆ గీత మీద 12 లక్షల రిబేటు ఉందిగా. నెలకు లక్ష పింఛను వచ్చి వేరే ఆదాయం లేనివారికి పన్నే లేదు. మనది కాస్త కలిగినవాళ్ల పోట్లాట. అయినా మీకో దారి చెబుతాను. మీరిచ్చిన అసలు మీద వడ్డీ మీది. ఆ వడ్డీని వదినగారు మళ్లీ డిపాజిట్ వేసుకుంటే, దాని మీద వచ్చేది అచ్చంగా ఆవిడదే.

నాన్నగారు: వేసుకుంటే ఇల్లెలా గడుస్తుంది? అది నెలనెలా మా ఉమ్మడి ఖాతాలో పడుతుంది, నేను తీసి వాడుతుంటాను.

అత్తగారు: చెక్కు పుస్తకం ఎవరి దగ్గర?

నాన్నగారు: నా దగ్గరే. ఆమెకెందుకు ఆ గొడవంతా?

అత్తగారు: మరి ఆడిటరు చేసిన తప్పేమిటి అన్నయ్యగారూ?

అమ్మ చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టింది.

అమ్మ: నా పేర డిపాజిట్ ఉందా? ఆ కాగితం ఎక్కడ పెట్టారు?

నాన్నగారు బీరువా తాళాల కోసం లోపలికి వెళ్లారు.