ఆడియన్స్ టేపులు అనవసరం అంటే ఒప్పుకోను
రాక్ షోల సౌండ్‌బోర్డ్ రికార్డింగులు (స్టేజి మైకుల సౌండ్ కలిపే మిక్సర్ నుంచి నేరుగా తీసినవి), అఫీషియల్ లైవ్ ఆల్బమ్‌లు దొరుకుతున్నప్పుడు జనంలో కూర్చుని తీసిన టేపులు ఇంకెవరికి కావాలి అని ఒకరు రాశారు, ఈ మాట మాత్రం అస్సలు ఒప్పుకోను. బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 1972 కాలిఫోర్నియా షోలతో 2003లో వచ్చిన ఆల్బమ్ నాకూ ప్రాణమే, కానీ అది రెండు రాత్రుల్లోంచి కోసి అతికించింది, ఒక రాత్రి మొదట్నుంచి చివరిదాకా ఎలా నడిచిందో అందులో తెలీదు. అదే 1977 జూన్ 21న లాస్ ఏంజెలెస్‌లోని ఫోరం హాల్లో వాళ్ల షోని మైక్ మిల్లార్డ్ అనే అభిమాని జనంలోంచి తీసిన టేపు వినండి, మంచి మైకులు, నకమిచి క్యాసెట్ రికార్డర్, అవి సెక్యూరిటీ కంట పడకుండా వీల్‌చైర్‌లో కూర్చుని లోపలికి తీసుకెళ్లేవాడు ఆయన, బ్యాండ్ డ్రమ్మర్ బోన్హమ్ డ్రమ్స్ హాలంతా మారుమోగే ఆ మోత సౌండ్‌బోర్డ్ టేపులో రమ్మన్నా రాదు, ఎందుకంటే అందులోకి స్టేజి మీది మైకుల లైన్లే వెళ్తాయి. కాకపోతే ఏ కాపీ దొరికిందన్నది చాలా ముఖ్యం, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన కొద్దీ హిస్ (వెనక వచ్చే స్‌స్ అనే చప్పుడు) పెరుగుతుంది, డెక్ స్పీడ్ ఎక్కువైతే సింగర్ ప్లాంట్ గొంతు ఇంకా సన్నగా అయిపోతుంది. నా దగ్గరున్న పాత కాపీలో డ్రమ్స్‌తో వాయించే సింబల్స్ (తాళాల్లాంటి పళ్లేలు) అన్నీ కలిసిపోయి వినిపించేవి, మాస్టర్‌కి (మొదట రికార్డ్ చేసిన అసలు టేపుకి) దగ్గర కాపీ ఫ్లాక్‌లో (క్వాలిటీ తగ్గని డిజిటల్ ఫైల్‌గా) దొరికాక పక్క సీట్ల వాళ్ల కేకలు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. పైగా సౌండ్‌బోర్డ్ టేపే బయటికి రాని షోలు బోలెడున్నాయి, వాటికి ఇవే దిక్కు.