తెలుగు బ్రెయిలీకి ఫోన్ సిద్ధంగానే ఉంది, మరి పుస్తకం?

చూపులేని పిల్లల చదువు గురించి ఎక్కడ మాట వచ్చినా ఈమధ్య ఒకటే వినిపిస్తోంది: "ఫోనే అన్నీ చదివి వినిపిస్తుంది కదా, ఇంకా బ్రెయిలీ ఎందుకు?" అధికారులే కాదు, కొందరు టీచర్లు, తల్లిదండ్రులు కూడా ఈ మాట అంటున్నారు. నాకైతే చిరాకొస్తుంది. బ్రెయిలీ అంటే పైకి లేచిన చుక్కల్ని వేళ్లతో తడిమి చదివే లిపి, వాళ్ల అక్షరాలు అవే. చూపున్న పిల్లలకు అక్షరాలు నేర్పకుండా పదో తరగతి దాకా ఆడియోలు వినిపించి పంపిస్తామంటే ఊరుకుంటామా?

తెలుగులో ఈ నష్టం ఇంకా ఎక్కువ. ఫోన్‌లో గొంతు 'విశేషం' అని చదివితే అందులో ఏది శ, ఏది ష అన్నది చెవికి అందదు. 'అర్థం', 'అర్ధం' అయితే మనుషులు పలికినా చాలాసార్లు ఒకేలా ఉంటాయి, మెషిన్ సంగతి సరేసరి. ఇలా విని నేర్చుకున్న పిల్లలు పరీక్షలో స్క్రైబ్‌కి చెప్పి రాయిస్తారు, ఆ పేపర్లో ఉండే అక్షరాలన్నీ స్క్రైబ్‌వి. పదేళ్ల చదువులో ఆ పిల్లకి తెలుగు రాయడం వచ్చో రాదో చూసినవాళ్లే ఉండరు.

నిజానికి తెలుగుకి బ్రెయిలీ బాగా కుదురుతుంది. 1951లో మన భాషలన్నిటికీ కలిపి ఖరారు చేసిన భారతి బ్రెయిలీలో ఆరు చుక్కలు పట్టే గడిలో మన 'క'కి ఒకటో చుక్క, మూడో చుక్క. హిందీ 'క'కీ అవే, ఇంగ్లిష్ 'కె'కీ అవే. వత్తు కిందికి దిగదు, గుణింతంలో హల్లు రూపం మారదు, అచ్చు దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది. 'స్త్రీ' రాయాలంటే స ముందు నాలుగో చుక్క (అదే పొల్లు గుర్తు), త ముందు మళ్లీ నాలుగో చుక్క, ఆ తర్వాత ర, ఈ. మొత్తం ఆరు గడులు, అంతే. చూపున్న పిల్లల్ని ఒకటో తరగతిలో ఏడిపించే వత్తుల టెన్షన్ వీళ్లకి లేదు!

ఇక్కడ ఫోన్ నిజంగా పనికొస్తుంది. స్లేటు (కాగితం బిగించే గళ్ల పట్టీ), చుక్కలు పొడిచే స్టైలస్‌తో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి తిరగేసి పొడవాలి, కాగితం తీసి తడిమితేగానీ తప్పు తెలియదు. ఫోన్‌లో ఆ బాధ లేదు. ఐఫోన్‌లో 2014 నుంచి, తెర చదివి వినిపించే ఆండ్రాయిడ్ టాక్‌బ్యాక్‌లో 2020 నుంచి తెరమీదే బ్రెయిలీ కీబోర్డు ఉంది (టాక్‌బ్యాక్‌లో మొదట ఇంగ్లిష్‌కే పెట్టారు, మన వంతు ఎప్పుడూ తర్వాతే). తెరని బయటికి తిప్పి అడ్డంగా పట్టుకుని ఆరు వేళ్లతో తడితే అక్షరం పడుతుంది, పడింది వెంటనే వినిపిస్తుంది.

చదవడానికి మాత్రం గాజు తెర చాలదు, చుక్కలు పైకి లేవాలి. దానికి బ్లూటూత్‌తో కలిపే బ్రెయిలీ డిస్‌ప్లే కావాలి, అందులో ప్రతి గడిలోనూ పిన్నులు విడివిడిగా లేచి దిగాలి కాబట్టి ఖరీదు ఎక్కువ. ఆర్బిట్ రీడర్ 20 లాంటివి వచ్చాక ధర కొంత దిగినా కూలి చేసుకునే కుటుంబం కొనగలిగే వస్తువు కాదు. ఇంటికొకటి ఇవ్వలేకపోతే కనీసం మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి ఒకటైనా ఇవ్వొచ్చు.

సరే, డిస్‌ప్లే కూడా వచ్చిందనుకుందాం. దానిమీద ఏం చదవాలి?

లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు పాఠాన్ని క్షణంలో బ్రెయిలీలోకి మారుస్తుంది, కంప్యూటర్లో చాలామంది వాడే, తెరమీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ కూడా దానిమీదే ఆధారపడుతుంది. కానీ పాఠం ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో ఉండాలి. మన డీటీపీ ఏళ్ల తరబడి 'అను' అనే పాత ఫాంట్ల మీదే నడిచింది, ఇంకా చాలాచోట్ల అలాగే నడుస్తోంది. అలాంటి పేజీ అచ్చులో ముత్యాల్లా కనిపిస్తుంది గానీ లోపలున్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ తొడిగిన తెలుగు బొమ్మలు. అనుమానముంటే అలా తయారైన ఏ పీడీఎఫ్‌లోంచైనా ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి, వచ్చే పిచ్చిరాతలు చూడండి. స్క్రీన్ రీడర్‌కి దొరికేదీ, బ్రెయిలీలోకి మారేదీ అవే. ఇక ఎవరో ఒకరు పుస్తకమంతా మళ్లీ టైప్ చేయాలి, అది పూర్తయ్యేసరికి పిల్లాడు పై తరగతికి వెళ్లిపోతాడు.

చట్టం అడ్డుందా అంటే అదీ లేదు. 2012 కాపీరైట్ సవరణ పుస్తకాల్ని ఇలా మార్చుకోనిచ్చింది, 2014లో చూపులేనివాళ్లకి పుస్తకాలు అందేలా చేసిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో చూపులేనివాళ్ల కోసం సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ లైబ్రరీ వచ్చింది. అదే ఏడాది చేసిన వికలాంగుల హక్కుల చట్టం 18 ఏళ్లదాకా పుస్తకాలు ఉచితంగా ఇమ్మంటోంది. 2020 విద్యా విధానమైతే కనీసం అయిదో తరగతి వరకు వీలైనచోటల్లా మాతృభాషలోనే చెప్పమంటోంది, ఆ మాతృభాషని వేళ్లతో చదివేవాళ్లు గుర్తున్నారో లేదో!

పాఠ్యపుస్తకం రాయించేదీ, అచ్చు వేయించేదీ ప్రభుత్వమే. అచ్చుకి ఇచ్చే ఒప్పందంలో 'యూనికోడ్ ఫైలు ఇస్తేనే బిల్లు' అని ఒక్క షరతు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లెక్కలు, సైన్సు పుస్తకాల్లో బొమ్మలు, సూత్రాలు ఉంటాయి కాబట్టి వాటికి వేరే కసరత్తు కావాలి, తర్వాత చూసుకోవచ్చు. ఒకటి నుంచి అయిదు దాకా తెలుగు వాచకాలు ముందు మార్చండి. పాత ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటిలో వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ప్రూఫు తప్పనిసరి. ఆ ప్రూఫు పని బ్రెయిలీ వచ్చిన చూపులేని తెలుగు పండితులకే ఇవ్వాలి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకుండా పేజీకి ఇంత అని డబ్బులిచ్చి మరీ.