అరుగు మీద మెడికల్ బోర్డు

వైకల్య నిర్ధారణ ఈ దేశంలో చాలా కష్టమైన పని అని కొందరికి అపోహ. వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం శిబిరంలో స్లాటు కోసం ఎదురుచూడాలట, డాక్టరు ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టాలట, వైకల్యం 40 శాతమన్నా వేస్తేనే ఆ కాగితం పనికొస్తుందట. ఇవన్నీ సంక్రాంతికి ఊరెళ్ళడం చేతగాని వాళ్ళు పడే తిప్పలు. గోదావరి జిల్లాలో మా పెద్దత్తయ్యగారి అరుగు మీద కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఆ పని అయిపోతుంది. ఫీజు లేదు. పైగా అరిసెలు పెడతారు.

మావాడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం. హైదరాబాదులో మూడేళ్ళుగా థెరపీకి తిప్పుతున్నాం. పోయిన సంక్రాంతి ప్రయాణానికి నెల ముందునుంచే బొమ్మలు గీసి చూపించాను: ఇది రైలు, ఇది అరుగు, ఇది భోగిమంట, ఇది నువ్వు పడుకునే గది. బోర్డు సభ్యుల బొమ్మలు మాత్రం గీయలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

విచారణ పెద్దత్తయ్యగారే మొదలుపెట్టారు. "ఏమ్మా, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం గానీ చూశావా?" చూడలేదన్నాను. ఆవిడ నిరాశపడ్డారు. చినమావయ్యగారు రిటైర్డు హెడ్మాస్టరు, సైన్సు మనిషి. "గ్రహణం కాదు, ఫోను" అన్నారు, తన ఫోన్లోంచి తల ఎత్తకుండా. పక్కింటి మామ్మగారు అంతకంటే వెనక్కి వెళ్ళారు. "అసలు చిన్నప్పుడు వస పోశారా?" పోశామన్నాను. "అయితే సరిగ్గా అరగదీసి ఉండరు." ఇక మిగిలిన మావయ్యగారు నన్ను ఓదార్చారు. "మా పెద్దాడూ ఐదేళ్ళదాకా పలకలేదమ్మాయ్. ఇప్పుడు డల్లాస్‌లో నోరు మూయడు."

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. ఆటిజం వాటిలో ఒకటి. బోర్డు ఆ జాబితాను గౌరవంగా పక్కనపెట్టి, ఏకగ్రీవంగా 22వ దాన్ని కనిపెట్టింది: గారాబం. కారణం తల్లి. చికిత్స, "రెండు నెలలు మా దగ్గర వదిలెయ్, మేం మార్చేస్తాం". అలా అన్నవాళ్ళనే, నేను స్నానం చేసొచ్చేదాకా పది నిమిషాలు చూడమని అడిగాను. గారెల పిండి పులిసిపోతుందన్నారు.

లక్షణాలు కూడా నమోదు చేశారు. మావాడు రేగుపళ్ళను గడప పొడుగునా ఒకే దూరంలో పేర్చాడు. "అదిగో, చూశారా!" అన్నారందరూ. అదే సమయంలో వాకిట్లో మా తోడికోడలు 21 చుక్కల ముగ్గు పెడుతోంది. మావాడు ఒక్క చుక్క తొక్కాడు. ఆవిడ పెట్టిన కేక మావాడు తన ఎనిమిదేళ్ళ జీవితంలో ఎప్పుడూ పెట్టలేదు. దానికి సంప్రదాయం అని పేరు.

భోగినాడు తెల్లవారుజామున నాలుగింటికి మైకు మొదలైంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదని 2000 సంవత్సరంలోనే నియమాలు రాశారు. అవి మా ఊరి పొలిమేరలో బస్సు దిగి, జనాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయినట్టున్నాయి. వాడికి హెడ్‌ఫోన్లు పెట్టాను.

"పండగపూట చెవుల్లో పాటలేమిటే?"

"పాటలు కాదత్తయ్యా, శబ్దం వినపడకుండా."

"వినపడకుండా ఉండటానికి అంత డబ్బు పోశారా!"

మైకు కాస్త తగ్గించమన్నాను. ఏడాదికోసారి వచ్చే పండగన్నారు. గ్రహణానికి శాంతి, ఫోనుకి నిషేధం, వసకి రాయి, అన్నీ ఉన్నాయి ఆ ఇంట్లో. మైకు వైరు ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదట.

సాయంత్రం భోగిపళ్ళు. ఎనిమిదేళ్ళవాడికి భోగిపళ్ళేమిటంటే, దిష్టి ముదిరింది కాబట్టి అని బోర్డు తీర్మానం. తల మీద ఎవరైనా చెయ్యి వేస్తేనే ఒళ్ళు ముడుచుకునే పిల్లాడి మీద పళ్ళు, చిల్లర, చెరుకుముక్కలు ఒక్కసారిగా కుమ్మరించారు. వద్దంటున్న నా గొంతు సన్నాయిలో కలిసిపోయింది. వాడు చెవులు మూసుకుని, పట్టెమంచం కిందికి దూరి, గంటసేపు ఏడ్చాడు. నేనూ పక్కనే నేలమీద పడుకున్నాను. పైనుంచి పెద్దత్తయ్యగారి గొంతు వినిపించింది: "ఏడవనీ. దిష్టి పోతోంది."

పండగనాడు గంగిరెద్దు వచ్చింది. మావాడు చెవులు మూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గంగిరెద్దాయన వాణ్ణి ఒక్క క్షణం చూసి, సన్నాయి దించి చంకలో పెట్టుకున్నాడు. "బాబుకి పడదండి, ఆయ్" అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు, కాగితాలేవీ చూపించలేదు. ఎద్దు తలాడించింది. మావాడు చేతులు దించి, వాడూ తలాడించాడు. అలా ఎంతసేపో.

బోర్డు దాన్నీ రాసుకుంది. "గంగిరెద్దు ముందు బాగానే ఆడిస్తాడు తల. పెద్దవాళ్ళు చెబితేనే లెక్కలేదు. గారాబం కాక మరేమిటి?"

ఈ ఏడాది టికెట్లు 60 రోజుల ముందే తీశాం. నిన్న పెద్దత్తయ్యగారు ఫోన్ చేశారు. వాడి గురించే ఆలోచిస్తున్నారట. "కిందటేడు పాపం ఆ గదిలోనే ముడుచుకుని కూర్చున్నాడు. అందుకని ఈసారి ఆ కిటికీ పక్కనే పెద్ద సౌండు బాక్సులు పెట్టిస్తున్నాం. కాస్త హుషారుగా ఉంటుంది పిల్లాడికి."